బాస్ చేపలకి సాఫ్ట్ ప్లాస్టిక్ ఎర ఏ సైజు వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్ చుట్టుపక్కల చెరువుల్లో, సరస్సుల్లో బాస్ పట్టడం మొదలుపెట్టిన మన తెలుగువాళ్ళకి వచ్చే అనుమానాలు దాదాపు ఒక్కటే. షాపులో ఎరల గోడ ముందు నిలబడి రంగు గురించి ఇరవై నిమిషాలు ఆలోచిస్తారు, సైజు మాత్రం చేతికందింది తీసుకుంటారు. నిజానికి ముందు తేల్చుకోవలసింది సైజే. సైజు అంటే ప్యాకెట్ మీద ఉన్న అంగుళాలు మాత్రమే కాదు. ఎర ఎంత మందం, నీళ్ళలో ఎంత నిదానంగా దిగుతుంది అన్నవి కూడా అందులో భాగమే. ఇక్కడ చెప్పినవి ప్రధానంగా ఉత్తర టెక్సస్ నీళ్ళకి, అక్కడి లార్జ్‌మౌత్ బాస్‌కి సంబంధించినవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కొనే ముందు

మొదటిసారి కొంటున్నాను. ఒక్క ప్యాకెట్టే కొనాలంటే ఏ సైజు?

5 అంగుళాల స్టిక్ వర్మ్. గ్యారీ యమమోటో కంపెనీ సెంకో అన్న పేరుతో పాపులర్ చేసిన ఎర ఇది. ఇప్పుడు అదే ఆకారంలో చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. చూడ్డానికి ఏమీ ఉండదు. తోక లేదు, కాళ్ళు లేవు, కొసలు కాస్త సన్నబడిన కడ్డీ అంతే. కానీ ప్లాస్టిక్‌లో ఉప్పు దట్టించి ఉంటుంది కాబట్టి దాదాపు 10 గ్రాములు తూగుతుంది, సీసం కట్టకుండానే మామూలు స్పిన్నింగ్ రాడ్‌తో దూరంగా విసరొచ్చు. నీళ్ళలో అడ్డంగా, రెండు కొసలూ సన్నగా వణుకుతూ మెల్లగా దిగుతుంది. అరకిలో చేపా దీన్ని తింటుంది, మూడు కిలోల చేపా తింటుంది. రంగు గ్రీన్ పంప్‌కిన్ తీసుకోండి, ఇక దాని గురించి ఆలోచించకండి.

రెండు ప్యాకెట్ల మీదా 4 అంగుళాలనే ఉంది. కానీ ఒకటి చాలా పెద్దదిగా కనిపిస్తోంది. ఎందుకు?

ప్యాకెట్ మీద ఉండేది ముక్కు నుంచి తోక కొస దాకా పొడవు మాత్రమే. మందం గురించి, వెడల్పు గురించి అది ఏమీ చెప్పదు. 4 అంగుళాల ఫినెస్ వర్మ్ పెన్సిల్ కంటే సన్నంగా ఉంటుంది. అదే 4 అంగుళాల బీవర్ రకం ఎర బొటనవేలంత మందంగా, పక్కల రెక్కలతో ఉంటుంది. రెంటినీ నీళ్ళలో ముంచి పక్కకి లాగి చూడండి. మొదటిది నీటిని కోసుకుపోతుంది, రెండోది తోసుకుపోతుంది. బాస్ శరీరం పక్కన తల నుంచి తోక వరకూ ఉండే పార్శ్వరేఖ ఆ తోపుడునే పసిగడుతుంది. అంటే చేప లెక్కలో ఈ రెండూ ఒక సైజు కావు.

కర్లీ టెయిల్ (మెలితిరిగిన తోక) ఉన్నవాటికి తోకని సాగదీసి కొలుస్తారు, క్రా (రొయ్యలాంటి క్రాఫిష్ ఆకారం) రకాలకి డెక్కలతో కలిపి కొలుస్తారు. అందుకే 7 అంగుళాల కర్లీ టెయిల్ వర్మ్‌లో అసలు ఒళ్ళు నాలుగైదు అంగుళాలే ఉండొచ్చు. కొనేటప్పుడు పొడవు చదివి ఊరుకోకుండా ప్యాకెట్ మీద నుంచే ఒళ్ళు ఒకసారి వేళ్ళతో నొక్కి చూడండి.

పెద్ద ఎర వేస్తేనే పెద్ద చేప పడుతుందా?

సగం నిజం. పెద్ద ఎర వేస్తే చిన్న చేపల గోల తగ్గుతుంది, పెద్ద చేప కష్టపడి కదలడానికి ఒక కారణం దొరుకుతుంది. కానీ పెద్ద చేప చిన్న ఎరని వదిలేస్తుందని దాని అర్థం కాదు. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్ 18.18 పౌండ్లు, 1992లో లేక్ ఫోర్క్‌లో దొరికింది. దాన్ని పట్టినాయన ఆ రోజు బాస్ కోసం రాలేదు. క్రాపీ అనే చిన్న చేపల కోసం బుల్లి మిన్నో చేపని గుచ్చి వేస్తే అది పడింది.

పెద్ద ఎర వాడితే రోజంతా రెండు మూడు కాట్లతో సరిపెట్టుకునే ఓపిక ఉండాలి. ఇంకా అలవాటు కాని చేతికి అది మంచి మార్గం కాదని నా అభిప్రాయం. ముందు చేపలు పట్టండి. కాటు ఎలా ఉంటుందో చేతికి తెలిశాక 10 అంగుళాల వర్మ్ కట్టండి.

బాస్ నోట్లో అంత పెద్ద వర్మ్ పడుతుందా?

పడుతుంది. లార్జ్‌మౌత్ పై దవడ కంటి వెనక దాకా ఉంటుంది, పేరే దానికి అందుకు వచ్చింది. అది కొరికి తినే చేప కాదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా లోపలికి పీల్చుకుంటుంది. మెత్తటి వర్మ్ ఎంత పొడుగున్నా ఆ పీల్పుకి మడతపడి లోపలికి పోతుంది. అందుకే రెండు పౌండ్ల చేప కూడా 10 అంగుళాల వర్మ్ మింగేస్తుంది. మందంగా, గట్టిగా ఉన్న ఎరే చిన్న చేప నోటికి అడ్డం.

తక్కువ ఖర్చులో ఏయే సైజులు ఉంచుకుంటే ఏడాదంతా గడుస్తుంది?

నాలుగు ప్యాకెట్లు చాలు. 5 అంగుళాల స్టిక్ వర్మ్, 2.75 అంగుళాల నెడ్ రిగ్ ఎర (పుట్టగొడుగు తల ఉన్న హుక్‌కి గుచ్చే పొట్టి కడ్డీ), 4 అంగుళాల బీవర్ లేదా క్రా, 3.3 అంగుళాల పాడిల్ టెయిల్ (తెడ్డులాంటి తోక ఊపే చేప ఆకారం ఎర). వేసవిలో లోతు నీళ్ళకి పడవ మీద వెళ్ళేవాళ్ళయితే 10 అంగుళాల వర్మ్ ఐదోది. ఒకే ఎరని ఎనిమిది రంగుల్లో కొనే డబ్బుతో రెండు రంగుల్లో నాలుగు సైజులు వస్తాయి. చేపలు పట్టేది రెండో పద్ధతే.

స్మాల్‌మౌత్‌కీ, స్పాటెడ్ బాస్‌కీ అవే సైజులు వాడొచ్చా?

ఒక మెట్టు తగ్గించండి. స్మాల్‌మౌత్ నోరు చిన్నది, క్రాఫిష్ అంటే దానికి ప్రాణం. 2.75 నుంచి 4 అంగుళాల దాకా సరిపోతుంది. స్పాటెడ్ బాస్‌కి 4 నుంచి 6 అంగుళాల సన్నటి వర్మ్ బాగుంటుంది. ఒకే నీళ్ళలో లార్జ్‌మౌత్, స్పాటెడ్ రెండూ ఉంటే 4 అంగుళాల సన్నటిది రెంటికీ పనిచేస్తుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నా వచ్చారు. నాన్నగారికి ఏ సైజు కట్టి ఇవ్వాలి?

4 అంగుళాల స్టిక్ వర్మ్‌ని సరిగ్గా నడుం దగ్గర గుచ్చి, అంటే వాకీ రిగ్ కట్టి ఇవ్వండి. విసరడం, అది అడుగుకి దిగేదాకా ఆగడం, దారం కదిలితే లాగడం. ఊళ్ళో వెదురు కర్రకి గాలం కట్టి వానపాము వేసిన అలవాటు ఉన్నవాళ్ళకి ఇది ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. దారం మీద చూపు నిలపడం వాళ్ళకి కొత్త కాదు. చేప పెద్దదా చిన్నదా అన్నది ఆ రోజు ముఖ్యం కాదు కాబట్టి చిన్న ఎరే మంచిది, కాట్లు ఎక్కువ పడతాయి.

టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ కావాలి, విజిటర్లకి కూడా. అయితే స్టేట్ పార్క్ లోపల ఒడ్డున నిలబడి పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. రే రాబర్ట్స్ సరస్సు మీద ఉన్న ఐల్ డు బాయ్ పార్క్, జో పూల్ సరస్సు మీద ఉన్న సీడర్ హిల్ పార్క్ ఇందుకు బాగుంటాయి.

## హుక్, సీసం, రాడ్

ఏ సైజు ఎరకి ఏ సైజు హుక్ పెట్టాలి?

ముందు నంబర్ల సంగతి. 1, 2, 4 అని మామూలుగా ఉంటే నంబర్ పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది. 1/0, 2/0, 3/0 అని ఉంటే నంబర్ పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. షాపులో చాలామంది తికమకపడేది ఇక్కడే.

టెక్సస్ రిగ్‌కి, అంటే హుక్‌ని ఎర ముక్కులోంచి ఎక్కించి మొనని మళ్ళీ ఒంట్లో గుచ్చే పద్ధతికి, సాధారణంగా నడిచే జతలు ఇవి: 4 అంగుళాల సన్న వర్మ్‌కి 1/0 లేదా 2/0, 5 అంగుళాల స్టిక్ వర్మ్‌కి 3/0 లేదా 4/0, 6-7 అంగుళాల వర్మ్‌కి 3/0 లేదా 4/0, 10 అంగుళాల దానికి 5/0. 4 అంగుళాల బీవర్ పొట్టిదే అయినా దానికి 4/0 కావాలి. ఎందుకంటే హుక్‌ని నిర్ణయించేది మందమే.

లెక్క గుర్తుండకపోయినా ఫర్వాలేదు, చూపుతో తేల్చుకోవచ్చు. ఎర పక్కన హుక్‌ని ఆనించి పట్టుకోండి. వంపు ఎర పొడవులో మూడో వంతుకీ సగానికీ మధ్య ఎక్కడో రావాలి. తర్వాత ఎక్కించి చూడండి. ముక్కులోంచి పావు అంగుళం లోపలికి పోనిచ్చి పక్కకి తీసి, హుక్‌ని తిప్పి, ఒంట్లోంచి గుచ్చి మొన పైకి వచ్చేలా చెయ్యండి. ఇప్పుడు ఎర ఒంటిని బొటనవేలితో హుక్ వంపులోకి నొక్కండి. మొన పూర్తిగా బయటపడి, ప్లాస్టిక్‌కీ మొనకీ మధ్య కనీసం ఎర మందమంత ఖాళీ కనపడాలి. ఆ ఖాళీ లేకపోతే చేప నోరు మూసినప్పుడు హుక్ ప్లాస్టిక్‌లోనే ఇరుక్కుంటుంది. మీరు లాగుతారు, ఎర వచ్చేస్తుంది, చేప వెళ్ళిపోతుంది.

వాకీ రిగ్‌కి ఇంత అక్కర్లేదు: 4 అంగుళాలకి 1 లేదా 1/0, 5 అంగుళాలకి 2/0. డ్రాప్ షాట్‌కి (సీసం దారం చివర, హుక్ దానికి పైన కట్టే పద్ధతి) 1 లేదా 2 నంబర్ చిన్న హుక్ చాలు.

ఎర నీళ్ళలో గిరగిరా తిరుగుతోంది, దారం మెలిపడిపోతోంది. సైజు తప్పా?

చాలాసార్లు కారణం హుక్ ఎక్కించిన తీరు. ఎర నిటారుగా లేకుండా కొంచెం వంకరగా ఉన్నా తిరుగుతుంది. తీసి, అదే ఎరని సరిగ్గా మధ్యలోంచి మళ్ళీ ఎక్కించండి. అప్పుడూ తిరిగితే హుక్ పెద్దదైపోయి ఎర నడుముని వంచుతోందన్నమాట, ఒక సైజు చిన్న హుక్ పెట్టండి.

సీసం ఎంత బరువు కట్టాలి? ఎర పెద్దదైతే బరువు కూడా పెంచాలా?

అలా అని ఏమీ లేదు. బరువుని ఎర పొడవుని బట్టి కాక లోతుని, గాలిని, గడ్డిని బట్టి ఎంచుకోవాలి. ఐదారు అడుగుల లోపు నీళ్ళకి 1/8 లేదా 3/16 ఔన్స్, పది అడుగుల దగ్గర 1/4, ఇరవైకి 3/8 లేదా 1/2. గాలి వీస్తుంటే ఒక మెట్టు పెంచండి. అడుగు తగిలింది అని చేతికి తెలిసే బరువుల్లో అన్నిటికంటే తేలికైనది కట్టడం మంచి అలవాటు.

ఒకటి గమనించాలి. సీసం మారిస్తే ఎర సైజు మారినంత పని జరుగుతుంది. రెక్కలున్న బీవర్‌కి 1/8 కడితే నీళ్ళని పట్టుకుంటూ మెల్లగా దిగుతుంది, చేపకి తీరిగ్గా చూసే టైమ్ దొరుకుతుంది. అదే ఎరకి 1/2 కడితే రాయిలా పడుతుంది, చేప ఆలోచించకుండా మీదపడుతుంది. చురుగ్గా లేని చేపకి మొదటిది, గడ్డిలో దాక్కుని ఉన్న చేపకి రెండోది.

టంగ్‌స్టన్ అనే లోహం సీసం కంటే బాగా సాంద్రమైంది కాబట్టి అదే బరువుకి ముక్క చిన్నగా ఉంటుంది. చిన్న ఎర ముందు పెద్ద సీసం ముక్క వేలాడటం బాగుండదు, 4 అంగుళాల లోపు వాటికి టంగ్‌స్టన్ మీద డబ్బు పెట్టడం దండగ కాదు. న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో చిన్న సీసపు బరువుల మీద ఆంక్షలున్నాయి, అక్కడికి వెళ్ళే ముందు రూల్స్ చూసుకోండి.

నా దగ్గర ఒకటే రాడ్ ఉంది. దానితో ఎంత పెద్ద ఎర వెయ్యొచ్చు?

రాడ్ మీద, పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో 1/8–1/2 ఔన్స్ లాంటి అంకెలు ఉంటాయి. అది ఎర, సీసం, హుక్ మొత్తం కలిపిన బరువు. 5 అంగుళాల స్టిక్ వర్మ్ ఒక్కటే 3/8 ఔన్స్‌కి దగ్గరగా ఉంటుంది, దానికి 1/4 సీసం కడితే 5/8 అయిపోయింది. మీడియం స్పిన్నింగ్ రాడ్‌కి అది ఎక్కువే. అలాంటి రాడ్‌తో 2.75 నుంచి 5 అంగుళాల దాకా హాయిగా పనవుతుంది. 10 అంగుళాల వర్మ్‌కి, మందపాటి క్రియేచర్ ఎరలకి (కాళ్ళూ మీసాలూ ఉన్న వింత ఆకారాలవి) మీడియం హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్, 15 నుంచి 17 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం కావాలి. విసరలేకపోవడం ఒక్కటే కాదు ఇక్కడ సమస్య. మందమైన ప్లాస్టిక్‌లోంచి పెద్ద హుక్‌ని చేప దవడలోకి దిగేసే శక్తి మెత్తటి రాడ్‌కి ఉండదు.

## నీటి ఒడ్డున

మా కమ్యూనిటీ చెరువులో చేపలు కనపడుతున్నాయి కానీ దేన్నీ ముట్టుకోవు. ఏ సైజు వెయ్యాలి?

ఆ చేపలు రోజూ ఎవరో ఒకరు వేసిన ఎరని చూస్తూనే ఉంటాయి. చాలావాటిని ఒకటి రెండుసార్లు పట్టి వదిలేసి ఉంటారు కూడా. అక్కడ 2.75 అంగుళాల నెడ్ రిగ్‌తో మొదలుపెట్టండి. 1/10 లేదా 1/16 ఔన్స్ పుట్టగొడుగు ఆకారం తల, 6 లేదా 8 పౌండ్ల సన్న దారం. విసిరి, అడుగు తగిలాక పది లెక్కపెట్టండి. కొంచెం జరపండి. మళ్ళీ పది. ఇది చేపలు పట్టే పద్ధతిలా అనిపించదు, కానీ ఇళ్ళ మధ్య చెరువుల్లో దీన్ని మించింది నాకు తెలీదు.

ఇంకో మాట, ఒడ్డు అంచుకి వెళ్ళి నిలబడకండి. నాలుగడుగులు వెనక నుంచే వెయ్యండి. మీ నీడ పడిన నీళ్ళలో ఏ సైజూ పనిచెయ్యదు.

నీళ్ళు తేటగా ఉంటే ఏ సైజు, బురదగా ఉంటే ఏ సైజు?

తేట నీళ్ళలో చేప కంటితో వేటాడుతుంది. దూరం నుంచే చూస్తుంది, దగ్గరికొచ్చి పరీక్షగా చూస్తుంది. సన్నగా, సహజంగా ఉన్న 4-5 అంగుళాలది చాలు. వాన పడ్డాక లావన్ లాంటి సరస్సులు కాఫీరంగుకి తిరుగుతాయి. అప్పుడు నీటిని తోసే ఎర కావాలి: మందమైన ఒళ్ళు, ఊగే డెక్కలు, లేకపోతే పెద్ద కర్లీ టెయిల్. పొడవు పెంచక్కర్లేదు, మందం పెంచండి. రంగు కూడా నలుపు-నీలం లాంటి ముదురుదైతే ఎర నీడలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ నీళ్ళలో బాస్ ఏం తింటోందో నాకెలా తెలుస్తుంది?

సైజు ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. విసిరే ముందు ఐదు నిమిషాలు ఒడ్డున ఊరికే నిలబడి చూడండి. డాక్ కింద, రాళ్ళ పక్కన గుండ్రటి చిన్న చేపలు తచ్చాడుతుంటే బ్లూగిల్. 4 అంగుళాల వెడల్పైన బీవర్ దానికి దగ్గరగా ఉంటుంది. నడి నీళ్ళలో వెండి మెరుపులు చిటుకుచిటుకుమంటుంటే షాడ్ అనే చిన్న చేపలు. వాటి సైజు చూసి 2.8 నుంచి 3.8 అంగుళాల పాడిల్ టెయిల్ ఎంచుకోండి. ఒడ్డున విరిగిన డెక్కలు, పెంకులు కనిపిస్తే క్రాఫిష్, వసంతంలో మనవాళ్ళు కేజన్ రెస్టారెంట్లలో బకెట్ల లెక్కన తినేదే. దానికి 3 నుంచి 4 అంగుళాల క్రా.

మొదటి చేప పడ్డాక ఇంకా తేలిక. కింది దవడ పట్టుకుని నోరు తెరిచి గొంతులోకి చూడండి. అప్పుడే మింగినదైతే క్రాఫిష్ మీసాలు రెండు గొంతులోంచి బయటికి కనపడతాయి, లేదా షాడ్ తోక ఒకటి పొడుచుకుని ఉంటుంది. ఆ తోక వెడల్పుని మీ డబ్బాలో ఎరలతో పోల్చుకోండి. లోపల వేళ్ళు పెట్టి లాగకండి, చూసి వెంటనే వదిలెయ్యండి.

గడ్డి దట్టంగా ఉన్నచోట ఎర లోపలికి దిగడం లేదు. చిన్నది వెయ్యాలా?

చిన్నది కాదు, నున్నటిది. కాళ్ళూ మీసాలూ ఎక్కువ ఉన్న క్రియేచర్ ఎర ప్రతి కొమ్మనీ పట్టుకుంటుంది. రెక్కలు ఒంటికి అంటుకుని ఉండే 4 అంగుళాల బీవర్, 1/2 లేదా 3/4 ఔన్స్ టంగ్‌స్టన్, అది జారకుండా ముందు ఒక రబ్బరు స్టాపర్. గడ్డి పలచగా, మధ్యలో ఖాళీలుంటే మాత్రం సీసం లేని 5 అంగుళాల స్టిక్ వర్మ్‌ని ఆ ఖాళీల్లోకి వదలడమే మేలు.

## కాలాన్ని బట్టి

వసంతంలో గుడ్లు పెట్టే టైమ్‌కి ఏ సైజు?

ఉత్తర టెక్సస్‌లో ఫిబ్రవరి చివరి నుంచి నీళ్ళు వేడెక్కుతాయి. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేసరికి బాస్ ఒడ్డుకి చేరతాయి. గుడ్లకి ముందు ఆడ చేపలు కడుపునిండా తింటాయి. సంవత్సరంలో పెద్ద చేపకి ఇదే మంచి అవకాశం, 6 అంగుళాల లిజర్డ్ (బల్లి ఆకారం ఎర), 5-6 అంగుళాల క్రియేచర్ ఎరలు అప్పుడు వెయ్యాలి.

గూళ్ళ మీద ఉన్నప్పుడు చేప తినడానికి కాదు, తరిమెయ్యడానికి ఎరని నోట్లోకి తీసుకుంటుంది. తోక పట్టుకుని బయట పారేస్తుంది కాబట్టి 4 అంగుళాల లోపు పొట్టి ఎర అయితేనే హుక్ నోట్లో ఉంటుంది. గూటి దగ్గర పడ్డ చేపని ఫోటోల కోసం దూరం తీసుకెళ్ళకండి. కాపలా ఉన్న మగ చేప రెండు నిమిషాలు లేకపోతే బ్లూగిల్స్ గుంపుగా వచ్చి గుడ్లు ఊడ్చేస్తాయి.

టెక్సస్ ఎండల్లో 10 అంగుళాల వర్మ్ ఎందుకు వేస్తారు?

వేసవిలో నీళ్ళు 85 డిగ్రీలు దాటాక పెద్ద చేపలు చాలావరకు లోతుకి దిగి 15-25 అడుగుల దగ్గర గట్లు, పాత వాగుల అంచుల మీద గుంపులుగా ఉంటాయి. వేడికి వాటికి అరుగుదల వేగంగా ఉంటుంది, ఆకలి ఎక్కువ. ఆ లోతులో వెలుతురు తక్కువ కాబట్టి పొడుగ్గా, పెద్ద తోక ఊపుకుంటూ దిగేది కంటికీ ఒంటికీ రెంటికీ తెలుస్తుంది. రెడ్ బగ్, ప్లమ్ లాంటి ముదురు రంగుల్లో జూమ్ కంపెనీ ఓల్ మాన్‌స్టర్, 10.5 అంగుళాలు, అక్కడ చాలామంది వాడేది. లేక్ ఫోర్క్ లాంటి చోట దీన్ని వేస్తే ఇంకోటి గుర్తుపెట్టుకోండి, అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని తప్పనిసరిగా వదిలెయ్యాలి.

ఒడ్డు నుంచి పట్టేవాళ్ళకి ఈ పొడవుతో పని లేదు. తెల్లవారుజామున డాక్‌ల నీడలో 5 అంగుళాలదే వెయ్యండి.

ఆకురాలు కాలంలో చేపలు నీళ్ళ పైన ఎగురుతున్నాయి, నా ఎర మాత్రం ముట్టవు. ఎందుకు?

ఆ టైమ్‌కి షాడ్ పిల్లలు రెండు మూడు అంగుళాలు ఉండి గుంపులుగా వాగుల చివరలకి చేరతాయి. బాస్ వాటి మీదే ధ్యాసగా ఉంటాయి. మీ 5 అంగుళాలది వాటి కంటికి వేరే జంతువు. 2.8 అంగుళాల పాడిల్ టెయిల్‌ని 1/8 ఔన్స్ జిగ్ హెడ్ (సీసపు తల ఉన్న హుక్) మీద వేసి గుంపు అంచు పక్కనుంచి లాగండి. గుంపు మరీ పెద్దదైతే వేలల్లో మీది ఒకటైపోతుంది, అప్పుడు 3.8కి వెళ్ళండి. ఒక పిసరు పెద్దగా ఉన్నది ముందు కంటపడుతుంది.

చలికాలంలో?

నీళ్ళు 50 డిగ్రీల కిందకి దిగితే 2.75 నెడ్ రిగ్ లేదా 4 అంగుళాల సన్న వర్మ్‌తో డ్రాప్ షాట్. నిదానంగా, ఇంకా నిదానంగా. జిగ్ (సీసపు తలకి కుచ్చు కట్టిన ఎర) వేసేవాళ్ళు వెనక తగిలించే క్రాని తల వైపు అర అంగుళం తగ్గించి, డెక్కలు ఎక్కువ ఊగని రకం పెట్టాలి.

## ముడుతోంది కానీ పడటం లేదు

తోక మాత్రం కొరికేసి వదిలేస్తోంది. ఏం చెయ్యాలి?

ముందు ఆ కాటు ఎవరిదో తెలుసుకోవాలి. టకటకటకా వేగంగా చిన్న దెబ్బలైతే బ్లూగిల్, వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు, చోటు మార్చండి. ఒక్కసారి 'టక్' మని తగిలి, దారం పక్కకి జరగడం మొదలుపెడితే బాస్. బాస్ కూడా తోకే పట్టుకుంటుంటే ఎర పొడవు ఎక్కువైంది, ఒకటి రెండు అంగుళాలు తగ్గించండి. ఇంకో సైజు దగ్గర లేకపోతే ఉన్నదాన్నే కత్తిరించండి, కానీ తల వైపు నుంచి. తోక వైపు కత్తిరిస్తే ఆ ఊపు పోతుంది. అందులోనూ తల వైపు హుక్ వల్ల ఎలాగూ చిరిగి ఉంటుంది.

ఎంతసేపు కాటు పడకపోతే సైజు మార్చాలి? రంగు ముందా, సైజు ముందా?

టైమ్ చూసి మార్చకండి. చేపలు ఉన్నాయని తెలిసిన చోట, సరైన లోతులో, రెండు మూడు వేగాల్లో లాగి చూసినా పలకకపోతే అప్పుడు సైజు. దాని తర్వాతే రంగు. సైజు మార్చినా 5 నుంచి 4.5కి మారిస్తే ఏమీ తెలీదు. 5 అంగుళాల స్టిక్ నుంచి 2.75 నెడ్‌కి దిగండి, లేదా మందమైన బీవర్‌కి వెళ్ళండి. తేడా చేపకి తెలిసేంత ఉండాలి.

అన్నీ అరకిలో చేపలే పడుతున్నాయి. ఎర పెంచితే చాలా?

చిన్న చేపలు గుంపులుగా సైజుల వారీగా తిరుగుతాయి. అక్కడే 7 అంగుళాలది వేస్తే అవే చేపలు, కొంచెం తక్కువ పడతాయి. ముందు చోటు మార్చండి: ఒడ్డు నుంచి లోతు మొదలయ్యే అంచుకి, లేదా దట్టమైన నీడకి. తర్వాత మందం పెంచండి.

చిన్న ఎర వేస్తే చేప మింగేస్తోంది, హుక్ గొంతులో దిగిపోతోంది.

చిన్నది, మెత్తది, ఉప్పు ఉన్నది, చేప ఉమ్మెయ్యదు. వాకీ రిగ్‌లో ఇది మరీ ఎక్కువ. దారంలో జోల్ (వదులు) వదిలి ఫోన్ చూసుకుంటే జరిగేది ఇదే. దారం కదలగానే జోల్ చుట్టేసి లాగండి. హుక్ కనిపిస్తుంటే పొడుగు ముక్కు ప్లయర్స్‌తో తియ్యండి. కనపడనంత లోతుకి పోతే పెనుగులాడకుండా దారం దగ్గరగా కత్తిరించి చేపని వదిలెయ్యండి, అది బతికే అవకాశం అలాగే ఎక్కువ.

## ఇంటికి వచ్చాక

వేరువేరు సైజులన్నీ ఒకే డబ్బాలో వెయ్యొచ్చా?

వద్దు. జీ-మ్యాన్ కంపెనీ వాడే ఎలాజ్‌టెక్ అనే సాగే పదార్థం మామూలు సాఫ్ట్ ప్లాస్టిక్‌ని తాకితే రెండూ కరిగి ముద్దవుతాయి. రంగులు కూడా ఒకదాన్నుంచి ఒకటికి పాకుతాయి. దేన్ని దాని ప్యాకెట్‌లోనే ఉంచి, మీద సైజుని మార్కర్‌తో పెద్దగా రాసుకోండి. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో అస్సలు ఉంచకండి. తోక వంకరపోయిన ఎరని వేడినీళ్ళలో కాసేపు ముంచి, సాఫీ చేసి, చన్నీళ్ళలో వేస్తే మళ్ళీ నిటారుగా వస్తుంది.

చిరిగిపోయిన ఎరలు ఏం చెయ్యాలి?

నీళ్ళలో వెయ్యకండి, ఒడ్డున వదలకండి. మింగిన ప్లాస్టిక్ చేప కడుపులో అరగదు, ఉబ్బుతుంది. జేబులో ఒక జిప్ కవర్ పెట్టుకోండి. తల మాత్రమే చిరిగిన 5 అంగుళాల స్టిక్ వర్మ్‌ని సగానికి కత్తిరిస్తే నెడ్ రిగ్‌కి సరిపోయే ముక్క వస్తుంది.

ఇవి ఇండియాకి తీసుకెళ్తే మన చేపలకి పనిచేస్తాయా?

పనిచేస్తాయి. మన దగ్గర బాస్ లేదు కానీ గడ్డిలో పొంచి ఉండి మీద పడే వేట కొర్రమీనుది కూడా. తెలంగాణ రాష్ట్ర చేప అదే. దానికి 3-4 అంగుళాల పాడిల్ టెయిల్‌ని గడ్డి తగలకుండా ఆఫ్‌సెట్ హుక్ (మెడ దగ్గర వంపు ఉన్నది) మీద ఎక్కించి వెయ్యండి, లేదా బోలు కప్ప ఎర. పళ్ళున్న చేప కాబట్టి ఎరలు త్వరగా చిరుగుతాయి, ఎక్కువ తీసుకెళ్ళండి. కోస్తాలో ఉప్పుటేర్ల దగ్గర పండుగప్పకి 4-5 అంగుళాల పాడిల్ టెయిల్, హుక్ మాత్రం ఉప్పునీటికి తుప్పు పట్టనిది, బలమైనది కావాలి. ఊరి చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాల లీజులో ఉంటాయి. రాడ్ విప్పే ముందు ఆ సంఘం వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే వెయ్యండి.